బ్రిటన్‌లో చలి ఇళ్లు, చల్లారిన హామీలు

2022 అక్టోబర్‌లో బ్రిటన్‌లో సగటు ఇంటి కరెంటు, గ్యాస్ బిల్లు ఏడాదికి 3,549 పౌండ్లకు చేరాల్సింది. ప్రభుత్వం ఖజానా నుంచి సొమ్ము పోసి 2,500 దగ్గర ఆపింది. తప్పంతా ఉక్రెయిన్ యుద్ధానిదే అన్నారు. అందులో నిజముంది గానీ, వేడిని నిలుపుకోలేని ఇళ్ల సంగతి అంతకు చాలా ముందే మొదలైంది.

అక్కడ చాలా ఇళ్లు పాతవి. కొన్నింటికి రెండు వరుసల ఇటుక గోడ, మధ్యలో ఖాళీ ఉంటుంది. బయటినుంచి రంధ్రాలు చేసి ఆ ఖాళీలో పీచు నింపాలి. అటక మీద 27 సెంటీమీటర్ల మందాన, వేడి బయటికి పోకుండా ఆపే ఇన్సులేషన్‌ను పరుపులా పరవాలి. అంతకుముందు కట్టిన విక్టోరియా కాలపు ఇళ్లకు ఆ ఖాళీ కూడా ఉండదు, కాబట్టి ఖర్చెక్కువ. చదువుకోడానికి వెళ్లి ఇలాంటి అద్దె ఇళ్లలో ఉంటున్న మన పిల్లలను అడిగితే నెమ్మెక్కిన గోడల గురించి, మూలల్లో నల్లటి బూజు గురించి చెబుతారు.

2006లో ప్రతిపక్ష కన్జర్వేటివ్ పార్టీ నేతగా డేవిడ్ కామెరాన్ ఆర్కిటిక్ మంచులో కుక్కల బండి మీద ఫొటోలు దిగారు. 2010లో ప్రధాని కాగానే తమది పర్యావరణానికి అత్యంత మేలుచేసే ప్రభుత్వం అవుతుందన్నారు. 2013 నవంబర్ నాటికి, బిల్లుల మీద గొడవ ముదిరేసరికి, ‘ఈ పచ్చ చెత్తను (అంటే బిల్లులకు కలిపే పర్యావరణ రుసుములను) వదిలించుకోండి’ అని సహాయకులతో అన్నట్టు ఒక పత్రిక రాసింది. ఆ మాట అన్నారో లేదో గానీ, పని మాత్రం జరిగింది. ఆ ఒక్క ఏడాదే అటకలకు ఇన్సులేషన్ వేయడం 92 శాతం పడిపోయింది. పాత పథకాల స్థానంలో వచ్చిన ‘గ్రీన్ డీల్’ సాయం కాదు, అప్పు. వడ్డీ దాదాపు 7 శాతం, వాయిదా కరెంటు బిల్లులో కలుస్తుంది. జనం మొహం చాటేశారు. 24 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాక తేలింది సుమారు 14,000 ఇళ్లు.

2015లో ఆ పథకానికి నిధులు ఆగిపోయాయి. 2016 నుంచి కొత్త ఇళ్లన్నీ కర్బన రహితంగా కట్టాలన్న నిబంధననూ అదే ఏడాది ఎత్తేశారు. ఇంగ్లండ్‌లో నేల మీద గాలిమరలకు దాదాపు తలుపులు మూశారు. అవి మళ్లీ తెరుచుకున్నది 2024 జూలైలో, లేబర్ పార్టీ గెలిచాక.

వీటికి జవాబు చెప్పింది ఎవరు? 2015 ఎన్నికల్లో కామెరాన్ ఇంకా బలంగా గెలిచారు. అటక మీద వేయని ఇన్సులేషన్ కోసం ఏ ఎంపీ సీటూ పోలేదు. దాని నష్టం బిల్లులో కనిపించడానికి దాదాపు పదేళ్లు పట్టింది, అప్పటికి కామెరాన్ తర్వాత నలుగురు ప్రధానులు మారారు.

అందుకే లెక్క అడిగే పని ఓటర్ల కంటే ఎక్కువగా సంస్థల మీద పడింది. 2008 నాటి వాతావరణ మార్పు చట్టం కింద ఏర్పడిన స్వతంత్ర కమిటీ ఏటా పార్లమెంటుకు నివేదిక ఇస్తుంది, ప్రభుత్వం బదులివ్వక తప్పదు. ఆ చట్టం ఆధారంగానే ఉద్యమ సంస్థలు కోర్టుకెక్కాయి. ప్రభుత్వ ప్రణాళిక చట్టానికి సరితూగదని హైకోర్టు 2022లో ఒకసారి, 2024లో మరోసారి తేల్చింది. 2020లో ఆర్భాటంగా మొదలైన 150 కోట్ల పౌండ్ల ‘గ్రీన్ హోమ్స్ గ్రాంట్’ 6 లక్షల ఇళ్లు లక్ష్యంగా పెట్టుకుని ఆరు నెలల్లోనే మూతపడితే, పార్లమెంటు ప్రజాపద్దుల కమిటీ దాన్ని ఉతికి ఆరేసింది. అది మూతపడిన 2021లోనే ‘ఇన్సులేట్ బ్రిటన్’ కార్యకర్తలు లండన్ చుట్టూ ఉన్న ఎం25 రహదారిపై బైఠాయించారు. అడిగింది ఇళ్లకు ఇన్సులేషన్. తొమ్మిది మంది జైలుకు వెళ్లారు. పథకాలు ఆపినవాళ్లెవరికీ ఆ అవసరం రాలేదు.

లేబర్ పార్టీకీ మినహాయింపు లేదు. ఏటా 2,800 కోట్ల పౌండ్లు హరిత పెట్టుబడి అని 2021లో ఇచ్చిన మాటను ఎన్నికలకు ముందే, 2024 ఫిబ్రవరిలో వదిలేసుకుంది. 1.9 కోట్ల ఇళ్లకు ఇన్సులేషన్ అన్న లక్ష్యం 50 లక్షలకు తగ్గింది.

2025 అక్టోబర్‌లో జాతీయ ఆడిట్ కార్యాలయం ఇంకో సంగతి బయటపెట్టింది. రెండు ప్రభుత్వ పథకాల కింద గోడలకు బయటివైపు వేసిన ఇన్సులేషన్‌లో 98 శాతం పనుల్లో మరమ్మతు చేయాల్సినంత పెద్ద లోపాలున్నాయట. సరిగా వేయకపోతే నెమ్ము లోపలే చిక్కుకుంటుంది, బూజు పడుతుంది. ఆ పథకాలు కన్జర్వేటివ్‌ల హయాంలో మొదలయ్యాయి. సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది లేబర్ మంత్రులకు.