ఇంట్లో వీడియో ఎడిటింగ్: క్లిప్పుల వరుస గురించిన అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా వృత్తి. ఇంటి వేడుకల వీడియోను సొంత కంప్యూటర్‌లోనే కూర్చుకోవాలనుకునేవారు కూడా సందేహాలతో నా దగ్గరకు వస్తుంటారు. వారిలో ఎక్కువ మంది అడిగేది రంగుల గురించో హంగుల గురించో కాదు. క్లిప్పులు వరుసలో రావడం లేదని, సాఫ్ట్‌వేర్ వాటిని కలగాపులగం చేస్తోందని అంటారు. నిజానికి ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను వరుసను చెడగొట్టదు. ఫైలు పేరు, తేదీ, మనం ఎంపిక చేసిన తీరు, ఈ మూడింటిలో ఏదో ఒక ఆధారాన్ని పట్టుకుని క్లిప్పులను పేరుస్తుంది. ఆధారం తప్పయితే వరుసా తప్పుతుంది. అందువల్ల వరుసను చక్కదిద్దవలసింది టైమ్‌లైన్‌పై, అంటే సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులను ఒకదాని తర్వాత ఒకటిగా పేర్చే పట్టీపై కాదు, అంతకన్నా ముందు, క్లిప్పులున్న ఫోల్డర్‌లో.

అపోహ: ఫైలు పేరులోని నంబరు ప్రకారం పేరిస్తే తీసిన వరుస వచ్చేస్తుంది.

వాస్తవం: ఒకే కెమెరాతో, ఒకే కార్డుపై, ఒకే పూట తీసినవైతే సాధారణంగా వస్తుంది. అంతకు మించితే నమ్మకూడదు. చాలా కెమెరాల్లో నంబరు 9999 వరకు వెళ్లి, ఆ తర్వాత మరో ఫోల్డర్‌లో 0001 నుంచి మళ్లీ మొదలవుతుంది. ఆ రెండు ఫోల్డర్లలోని ఫైళ్లనూ ఒకేచోట పోస్తే, చివర తీసిన అప్పగింతలు మొదట తీసిన ఎదుర్కోళ్ల కన్నా ముందుకు వచ్చి కూర్చుంటాయి. గోప్రో అనే చిన్న కెమెరాది మరో పద్ధతి. దీర్ఘంగా సాగిన రికార్డింగును అది ముక్కలుగా రాస్తుంది. పేరులో ముక్క సంఖ్య ముందు, రికార్డింగు సంఖ్య తర్వాత ఉంటాయి. అంటే 123వ రికార్డింగులోని మొదటి ముక్క జీఎక్స్010123, రెండో ముక్క జీఎక్స్020123 అవుతాయి. పేరు ప్రకారం పేరిస్తే ఈ రెండింటి మధ్యలోకి జీఎక్స్010124, అంటే ఆ తర్వాత తీసిన వేరే రికార్డింగు దూరుతుంది.

మనం చేతితో పెట్టే నంబర్లలోనూ ఒక చిక్కుంది. 1, 2, 10 అని పెడితే విండోస్ ఫోల్డర్‌లో వరుస సరిగానే కనిపిస్తుంది గానీ, పేరును అక్షరం అక్షరంగా పోల్చే కొన్ని సాఫ్ట్‌వేర్లలో 1 తర్వాత 10, దాని తర్వాత 2 వస్తాయి. 001, 002, 010 అని సున్నాలతో పెడితే ఆ చిక్కు ఉండదు. ఘట్టాలకు మాత్రం 10, 20, 30 అని ఎడం వదిలి నంబర్లు వేయమని నేను చెబుతాను. నాలుగు రోజుల తర్వాత ఏ కాజీపేట చిన్నమ్మో, పరకాల బావో మరికొన్ని క్లిప్పులు పంపితే వాటికి 15 అనో, 25 అనో పేరు పెట్టి మధ్యలో చేర్చవచ్చు. మిగతావాటి జోలికి పోనక్కర లేదు.

అపోహ: పేరును నమ్మలేకపోయినా తేదీని నమ్మవచ్చు.

వాస్తవం: ఏ తేదీ అన్నదే అసలు ప్రశ్న. విండోస్‌లో ఒక వీడియోకు కనీసం మూడు తేదీలు కనిపిస్తాయి. కార్డు నుంచి కంప్యూటర్‌లోకి కాపీ చేసినప్పుడు ‘డేట్ క్రియేటెడ్’ అన్నది ఆ కాపీ చేసిన సమయానికి మారిపోతుంది. ‘డేట్ మాడిఫైడ్’ మారదు గానీ, అది సాధారణంగా రికార్డింగు ముగిసిన సమయాన్ని చెబుతుంది. మండపం ముందు స్టాండుపై నిలిపిన కెమెరా గంటసేపు ఆగకుండా తీసిందనుకోండి. ఆ గంటలో చేతి కెమెరాతో తీసిన చిన్న క్లిప్పులన్నీ జాబితాలో దాని కన్నా ముందుంటాయి, నిజానికి దాని తర్వాత మొదలైనవే అయినా. మూడోది ‘మీడియా క్రియేటెడ్’. ఇది వీడియో ఫైలు లోపలే నమోదై ఉంటుంది, చాలా కెమెరాల్లో రికార్డింగు మొదలైన సమయాన్ని, కొన్ని ఫోన్లలో మాత్రం ముగిసిన సమయాన్ని చూపుతుంది. ఫోల్డర్‌లో పై వరుసపై కుడి క్లిక్ చేసి ఈ నిలువు వరుసను తెచ్చుకోవచ్చు. మూడింటిలో నేను ముందుగా చూసేది దీన్నే.

దీనిలోనూ ఒక మెలిక ఉంది. ఎంపీ4 అనే రకం వీడియో ఫైళ్లలో ఈ సమయాన్ని ప్రపంచ ప్రామాణిక కాలంలో (యూటీసీ, మన సమయం కన్నా అయిదున్నర గంటలు వెనుక) రాయాలన్నది నియమం. ఫోన్లు దాదాపుగా అలాగే రాస్తాయి. కొన్ని కెమెరాలు మాత్రం మన గడియారంలోని సమయాన్నే యథాతథంగా రాస్తాయి. చదివే సాఫ్ట్‌వేర్ రెండింటికీ 5 గంటల 30 నిమిషాలు కలుపుతుంది. అప్పుడు ఉదయం 10 గంటలకు తీసిన జీలకర్ర బెల్లం ఫోను క్లిప్పులో 10 గంటలకే ఉంటుంది, కెమెరా క్లిప్పులో మధ్యాహ్నం 3:30కి చేరుతుంది. గూగుల్ పిక్సెల్ ఫోన్లు ఫైలు పేరులోనే ప్రామాణిక కాలాన్ని వేస్తాయి కాబట్టి, అదే ఉదయం 10 గంటల క్లిప్పు పేరులో 0430 అని ఉంటుంది. పేరు ప్రకారం పేరిస్తే మిగతా ఫోన్ల క్లిప్పులన్నింటి కన్నా ముందుకు పోతుంది. తేడా సరిగ్గా అయిదున్నర గంటలుగా కనిపిస్తే కారణం ఇదేనని ముందుగా అనుమానించాలి.

తేడా మరోలా ఉంటే కెమెరా గడియారమే తప్పని అర్థం. చాలాకాలం వాడకుండా బీరువాలో ఉంచిన కెమెరాల్లో లోపలి చిన్న బ్యాటరీ దిగిపోయి తేదీ మొదటికి వస్తుంది. దీనికి మంచి ఉపాయం ఉంది. మంగళసూత్రధారణ వంటి, రెండు కెమెరాలూ పట్టిన ఒక్క క్షణాన్ని వెతికి, ఆ క్షణం దగ్గర రెండింటి సమయాల మధ్య ఉన్న తేడాను లెక్కగట్టండి. ఆ తేడా ఆ కార్డులోని క్లిప్పులన్నింటికీ ఒకటే. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంతో అన్నింటి సమయాన్నీ ఒకేసారి జరపవచ్చు. వీలైతే వేడుక మొదలు కాకముందే కెమెరాలన్నింటిలో గడియారాన్ని సరిచూసుకుంటే ఈ శ్రమంతా తప్పుతుంది.

మన వైపు అర్ధరాత్రి దాటాక ముహూర్తాలున్న పెళ్లిళ్లు తక్కువేమీ కాదు. అటువంటి పెళ్లిని తేదీల వారీగా ఫోల్డర్లు చేసే సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తే, ఎదుర్కోళ్లు ఒక తేదీలోకి, తలంబ్రాలు మరో తేదీలోకి విడిపోతాయి. కాబట్టి ఫోల్డర్‌కు తేదీ పేరు కాకుండా ఘట్టం పేరు పెట్టుకోవడమే మేలు.

అపోహ: వాట్సాప్‌లో వచ్చిన క్లిప్పుల పేర్లలో తేదీ ఉంటుంది కదా, అది చాలు.

వాస్తవం: ఆ పేరులోని తేదీ వీడియో తీసిన రోజుది కాదు, మన ఫోనుకు వచ్చిన రోజుది. గంటలు, నిమిషాలు అసలే ఉండవు. డబ్ల్యూఏ0003 వంటి సంఖ్య ఆ రోజు వచ్చిన ఫైళ్ల క్రమం మాత్రమే. మామూలుగా వీడియోగా పంపినప్పుడు వాట్సాప్ దాన్ని కుదించి, తీసిన సమయం వివరాలను కూడా పోగొడుతుంది. బంధువులను ‘డాక్యుమెంట్’గా పంపమనండి, లేదా కేబుల్‌తో కాపీ చేసుకోండి. అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్టుగా అందుతుంది.

అపోహ: ఫోల్డర్‌లో వరుస సరిగా ఉంటే, అన్నీ ఒకేసారి లాగి వేసినా టైమ్‌లైన్‌పై అదే వరుస వస్తుంది.

వాస్తవం: రావచ్చు, రాకపోవచ్చు. విండోస్‌లో చాలా ఫైళ్లను ఎంపిక చేసి లాగేటప్పుడు మౌస్‌తో పట్టుకున్న ఫైలు తరచుగా జాబితాలో మొదటికి చేరుతుంది. అందుకే ఎప్పుడూ మొదటి క్లిప్పునే పట్టుకుని లాగాలి. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో బిన్ (తెచ్చుకున్న క్లిప్పులుండే జాబితా) నుంచి క్లిప్పులను ఒకేసారి టైమ్‌లైన్‌కు పంపేటప్పుడు, కనిపించే వరుస కావాలా, క్లిక్ చేసిన వరుస కావాలా అని ఎంచుకునే వీలుంది. టైమ్‌లైన్‌పై వేసిన తర్వాత బిన్‌లో వరుస మార్చినంత మాత్రాన టైమ్‌లైన్‌పై ఏదీ మారదు.

టైమ్‌లైన్‌పైనే ఒక క్లిప్పును ముందుకు జరపాలంటే మరింత జాగ్రత్త అవసరం. యాపిల్ వారి ఐమూవీ సాఫ్ట్‌వేర్‌లో లాగిన చోట మిగతా క్లిప్పులు పక్కకు జరిగి చోటిస్తాయి. ప్రీమియర్‌లో, డావిన్చి రిజాల్వ్ అనే మరో సాఫ్ట్‌వేర్ ఎడిట్ పేజీలో మామూలుగా లాగితే కిందనున్న క్లిప్పు ఆ మేరకు చెరిగిపోతుంది. విండోస్‌లో ప్రీమియర్‌కు కంట్రోల్, ఆల్ట్ నొక్కి, రిజాల్వ్‌కు కంట్రోల్, షిఫ్ట్ నొక్కి లాగితే క్లిప్పు చెరగకుండా వరుస మారుతుంది.

అపోహ: సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకున్నాక పాత ఫోల్డర్‌తో పని లేదు.

వాస్తవం: మ్యాక్‌లోని ఐమూవీ నకలు తీసుకుంటుంది. ప్రీమియర్, రిజాల్వ్, షాట్‌కట్ వంటివి నకలు తీసుకోవు. ఫైలు ఎక్కడుందో ఆ చిరునామాను మాత్రమే గుర్తుపెట్టుకుంటాయి. పేరు మార్చినా, మరో డ్రైవ్‌కు తరలించినా లింకు తెగుతుంది. పేర్లన్నీ ఇంపోర్ట్‌కు ముందే మార్చాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: తీసిన వరుసే చూపవలసిన వరుస.

వాస్తవం: ఎక్కువ జాగ్రత్త కోరేది ఇదే, ఎందుకంటే ఇందులో సగం నిజముంది. ఆచారంలోని ఘట్టాలను కదపకూడదు. మేడారం జాతరనే తీసుకోండి. మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ, రెండో రోజు చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు చేరుతారు. మూడో రోజు ఇద్దరు తల్లులూ గద్దెలపై ఉంటారు. నాలుగో రోజు వనప్రవేశం. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగిన జాతరకు ఒకే ఇంటివాళ్లు రెండు బండ్లలో వేర్వేరు రోజుల్లో వెళ్లి ఉంటే, వారి క్లిప్పులను కలిపేటప్పుడు సమ్మక్క రాకను సారలమ్మ రాక కన్నా ముందు చూపడం పెద్ద తప్పు. చూసే ప్రతి ఒక్కరూ దాన్ని పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా. అదే విధంగా ఎంగిలిపూల బతుకమ్మ నాటి ఆటను సద్దుల బతుకమ్మ తర్వాత చూపలేము.

ఘట్టాల మధ్యనున్న క్లిప్పులను మాత్రం కదపవచ్చు, చాలాసార్లు కదపాలి కూడా. జంపన్న వాగు దగ్గర పిల్లల కేరింతలు, బెల్లం కొన్న దుకాణం, పెళ్లిలో వంటశాల, మండపం పూలు, బంధువుల ముఖాలు, వీటికి కచ్చితమైన సమయంతో పని లేదు. మంత్రం సాగుతుండగా కెమెరా కదిలిన చోటనో, ఎవరైనా అడ్డొచ్చిన చోటనో వీటిలో ఒకదాన్ని టైమ్‌లైన్‌లో పైనున్న ట్రాక్ (పొర)పై వేసి, కింద మంత్రం శబ్దాన్ని అలాగే సాగనివ్వాలి. అందుకే ఇటువంటి క్లిప్పులను ఏ ఘట్టంలోనూ చేర్చకుండా విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టుకోవాలి.

ఘట్టాల క్రమం ఇంటింటికీ కొంత మారుతుంది. గౌరీపూజ ఎప్పుడు, నాగవెల్లి ఎప్పుడు, ఒడిబియ్యం ఎప్పుడు పోశారు అన్నది ఎడిటర్ ఊహించవలసిన విషయం కాదు. ఏ క్లిప్పునూ కత్తిరించకముందే, పాట వేయకముందే, ఘట్టాల వరుసను కాగితంపై రాసి ఇంట్లో పెద్దమ్మకో నాయనమ్మకో చదివి వినిపించండి. వారు సరేనన్న తర్వాతే కత్తిరింపు మొదలుపెట్టండి, ఎందుకంటే పాటకు తగ్గట్టు కత్తిరించిన వరుసను మార్చాలంటే పాటనూ మొదటి నుంచి కూర్చవలసి వస్తుంది.