నల్లమలలో పొరలూ, వేసవి మంటలూ

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. శ్రీశైలం దారిలో ఇన్ని చెట్లున్నా, ఒక చోట జంతువులు మసలుతూ, మరో చోట అడవి బోసిగా ఎందుకుంటుందని మీరు అడిగారు. నిదానంగా చెప్పవలసిన సంగతి గనుక ఉత్తరం రాస్తున్నాను.

ఒక అడవిలో ఏ ప్రాణి బతుకుతుందన్నది చెట్ల లెక్కతో తేలదు. ఆ చెట్లు ఏ వయసువి, వాటి కింద పొదలూ గడ్డీ ఎలా ఉన్నాయి, నేలమీద రాలిన ఆకు ఎంత మందాన పేరుకుంది అన్నవన్నీ చూడాలి. నల్లమల ఆకురాల్చే అడవి. పై పొరలో నల్లమద్ది, ఏగిస, చిరుమాను, టేకు వంటి చెట్లు, వాటి నీడన తునికి వంటి చిన్న చెట్లు, అక్కడక్కడా వెదురు, అడుగున గడ్డి. ఏ పొరను నమ్ముకున్న ప్రాణులు ఆ పొరలో ఉంటాయి. బెట్టుడుత, అంటే అడవిలోని పెద్ద ఉడుత, పై కొమ్మల్లోనే గూడు కట్టుకుంటుంది, నేలకు దిగడం బహు అరుదు. ఒక్క దూకులో ఆరు మీటర్ల దాకా దాటగలదు గానీ, రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇరువైపుల కొమ్మలు అంతకంటే ఎడమైతే దానికి అవతలి అడవి లేనట్టే. దుప్పులు గడ్డి ఉన్న తెరపి నేలలకు వస్తాయి, కణుతులు, అంటే సాంబార్ జింకలు, చెట్ల చాటున్న కొండవాలులను ఇష్టపడతాయి. వేటాడే జంతువులకూ ఇదే వర్తిస్తుంది. రేచుకుక్కలు గుంపుగా తరిమి పట్టుకుంటాయి గనుక వాటికి తెరపి నేల అడ్డు కాదు. పొంచి దగ్గరికి చేరాకే మీద పడే పెద్దపులికి మాత్రం పొదల చాటు తప్పనిసరి.

ఈసారి వచ్చినప్పుడు నిలువునా ఎండిపోయిన ఒక మాను దగ్గర కాసేపు ఆగి చూడండి. వడ్రంగి పిట్ట తొలిచి వదిలేసిన తొర్రలో చిలుకో, గోరింకో, పగిడికంటో కాపురం పెట్టి ఉంటుంది. ఊడిన బెరడు కింద పురుగులూ, వాటికోసం బల్లులూ ఉంటాయి. ఆ మాను కూలాక చెద పడుతుంది, ఆ చెదల కోసం ఎలుగుబంటి వచ్చి గోళ్ళతో చీల్చిపోతుంది. వంటచెరకు పేరుతో ఎండుమానులన్నీ కొట్టుకుపోయిన చోట పచ్చని చెట్లు ఎన్ని ఉన్నా వీటికి చోటు లేదు.

అడవికి కలిగే ప్రతి కుదుపూ కీడు కాదు. గాలికి పెద్ద చెట్టొకటి పడితే ఆ సందులోంచి ఎండ నేలను తాకుతుంది, గడ్డి లేస్తుంది, ఏళ్ళ తరబడి నీడలో ఎదగని మొక్కలు ఒక్కసారిగా పైకి సాగుతాయి. నాకు దిగులు కలిగించేది, కోలుకునే వ్యవధి ఇవ్వకుండా ఏటేటా వచ్చే నిప్పు. ఫిబ్రవరి నుంచి మే దాకా నేలంతా ఎండుటాకే. ఆర్పని బీడీ, వదిలేసిన వంట పొయ్యి, కొత్త గడ్డి కోసం కొందరు పెట్టే మంట, ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చడం, వీటిలో ఏదో ఒకటి చాలు. మామూలుగా మంట నేలబారుగానే సాగుతుంది. మొసలి వీపులా పలకలు కట్టిన మందపాటి బెరడు నల్లమద్దిని కాపాడుతుంది. నేలమీద గుడ్లు పెట్టే కౌజుల వంటి పక్షులకూ, పరుగెత్తలేని తాబేళ్ళకూ ఆ రక్షణ లేదు.

పెద్ద నష్టం ఆ వేసవిలో కనబడదు. మోకాలెత్తు టేకు మొక్క కాలిపోయినా వేరు చావదు. తొలకరికి మసి పట్టిన మొదట్లోంచి కొత్త చిగురు వస్తుంది, ఆ లేతాకును వేళ్ళతో నలిపితే ఎర్రరంగు అంటుకుంటుంది. మరుసటి వేసవిలో మళ్ళీ కాలితే మళ్ళీ మొదటికే. ఇలా పదేళ్ళ వేరున్న మొక్క కూడా మోకాలెత్తులోనే ఉండిపోతుంది. పైన ముసలి చెట్లు, కింద గడ్డి, నడుమ పొర ఖాళీ. ముసలి చెట్టు పోయిననాడు దాని స్థానంలోకి వచ్చేది ఉండదు. ఖాళీ అయిన చోట లాంటానా అనే కలుపు పొద అల్లుకుంటుంది. దాన్ని దుప్పులు పెద్దగా మేయవు, గడ్డిని అది ఎదగనివ్వదు, వేసవిలో ఎండి మంటను కొమ్మల దాకా ఎగదోస్తుంది.

మొక్కలు నాటితే సరిపోదా అని మీరు అడగవచ్చు. ఇలాంటి చోట్ల చాలావరకు నాటవలసిన పనే లేదు, వేళ్ళు నేలలోనే ఉన్నాయి. అటవీశాఖ వారు వేసవికి ముందే ఆకు ఊడ్చి మంట దాటకుండా తీసే ఫైర్‌లైన్లు, వాటిని కాచే చెంచు యువకులు కొన్నేళ్ళపాటు వరుసగా నిప్పును ఆపగలిగితే, ఆ చిగుళ్ళు మంట అందని ఎత్తుకు ఎదిగి, నడుమ పొర తనంతట తానే నిండుతుంది.

ఇట్లు,
మీ తాతయ్య