మొండికేసే పిల్లలు, నవ్వించే టీచర్లు: అపోహలు - వాస్తవాలు

‘నవ్వు నాలుగు విధాల చేటు’ అనే మాట తరగతి గదుల్లో ఇంకా బతికే ఉంది. స్పెషల్ ఎడ్యుకేటర్‌గా, అంటే వైకల్యాలున్న పిల్లలకు చదువు చెప్పే పనిలో ఉన్న నన్ను కొత్త టీచర్లు తరచూ అడిగే సందేహాలు కూడా దాని చుట్టూనే తిరుగుతాయి.

అపోహ: నవ్విస్తే పిల్లలు చెయ్యి దాటిపోతారు, పని సాగదు.

వాస్తవం: మొండికేసే పిల్లల్లో చాలామందికి లోపల ఉండేది భయం. రాసిందల్లా తప్పవుతుంటే, అసలు రాయకపోతే గొడవే లేదు కదా అన్న లెక్కకు వచ్చేసి ఉంటారు. మేధో వైకల్యం ఉన్న తొమ్మిదేళ్ల బాబు ఒకడు పెన్సిల్ చూడగానే చేతులు చంకల్లో దాచుకునేవాడు. ఒకరోజు వాణ్ని ఏమీ అడగకుండా పక్కన కూర్చుని, పెన్సిల్ తిరగేసి రబ్బరు వైపుతో రాయబోయాను. “ఏంటిది, పడట్లేదే!” అంటూ విదిలించాను, ఊదాను, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ఓరకంట చూస్తున్నాడు. కాసేపటికి చంకలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. పెన్సిల్ లాక్కుని, సరిగ్గా తిప్పి నా చేతిలో పెట్టి “ఇటు” అన్నాడు. నేను గీసిన గీత వంకర పోయిందని మొహం వేలాడేస్తే పకపకా నవ్వాడు. నాలుగో రోజుకు నా గీత పక్కన వాడి గీత పడింది. టీచర్‌కు రానిది తనకు వచ్చని తెలియడమే ఇందులో కిటుకు.

ఇక నవ్వు ఆగాలంటే, బల్ల మీద రెండుసార్లు తట్టడం లాంటి గుర్తు ఒకటి ముందే అలవాటు చేస్తే సరిపోతుంది.

అపోహ: ఆటిజం ఉన్నవాళ్లకు హాస్యం తెలియదు.

వాస్తవం: ఈ పిల్లలకు హాస్యం పట్టదని 1944లో ఆస్ట్రియా పిల్లల డాక్టర్ హాన్స్ ఆస్పెర్గర్ రాశారు. ఆ ముద్ర ఇంకా పోలేదు. నేను చూసినంతలో వాళ్లు బాగానే నవ్వుతారు. చొక్కాను కాళ్లకు తొడుక్కోబోతే నవ్వుతారు, అదే ఇరవైసార్లు చేయమంటారు, ఇరవయ్యోసారీ అంతే నవ్వుతారు. విసుగు మనకే. చిక్కల్లా వెటకారంతో. ఆలస్యంగా వచ్చిన ఒక అబ్బాయితో ఓసారి నోరు జారి “ఇంకాస్త లేటుగా రాలేకపోయావా?” అన్నాను. మర్నాడు ఇంకో పావుగంట లేటుగా వచ్చి, మెచ్చుకుంటానేమోనని నా వైపు చూశాడు. తప్పు వాడిది కాదు.

మాటలకు రెండర్థాలుండే జోకులు మామూలుగా ఏడేళ్ల వయసుకు అందుతాయని మనస్తత్వవేత్త పాల్ మెక్‌గీ చెప్పారు. అంతకుముందు వస్తువుల్ని వింతగా వాడటం, ఒకదాన్ని ఇంకోదాని పేరుతో పిలవడం నవ్విస్తాయి. అందుకే వయసుతో పాటు ఎదుగుదల స్థాయి కూడా చూసుకోవాలి. అలాగని పద్నాలుగేళ్ల పిల్లాడి ముందు పసిపాపతో ఆడినట్టు ఆడితే వాడికి చిన్నతనంగా ఉంటుంది.

అపోహ: కాస్త ఆటపట్టిస్తే రోషం వచ్చి చదువుతారు.

వాస్తవం: రోషం కాదు, బడి మానేయాలనిపిస్తుంది. నలుగురూ తనను చూసి నవ్వుతారేమోనన్న తీవ్రమైన భయానికి గెలటోఫోబియా అని పేరే ఉంది. నన్ను చూసి నవ్వనివ్వండి, పుస్తకంలో లెక్కను చూసి నవ్వనివ్వండి. పిల్లాణ్ని చూసి మాత్రం వద్దు.

అపోహ: నవ్వుతున్నారంటే హుషారుగా ఉన్నట్టే.

వాస్తవం: టెన్షన్‌లో కూడా నవ్వు వస్తుంది. భుజాలు బిగుసుకున్నాయా, చూపు తలుపు వైపు పోతోందా గమనించండి. సందర్భం లేకుండా ఒకే తీరు నవ్వు పదేపదే వస్తుంటే తల్లిదండ్రులకు చెప్పి న్యూరాలజిస్ట్‌కు చూపించమనండి. నవ్వు రూపంలో వచ్చే మూర్ఛలు అరుదే కానీ ఉన్నాయి.

అపోహ: హాస్యం పుట్టుకతో రావాలి.

వాస్తవం: మనస్తత్వవేత్త అవ్నర్ జివ్ 1988లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠానికి సంబంధించిన జోకులతో స్టాటిస్టిక్స్ నేర్చుకున్న విద్యార్థులకు ఎక్కువ మార్కులు వచ్చాయి. వాళ్లు కాలేజీ విద్యార్థులనుకోండి, కానీ హాస్యాన్ని ముందే సిద్ధం చేసుకోవచ్చన్నది మనకూ పనికొస్తుంది. నా పాఠం ప్లాన్‌లో ‘ఈరోజు నేను చేయబోయే తప్పు’ అని ఒక గడి ఉంటుంది. కొన్ని రోజులు అది ఖాళీగా వదిలినా, క్లాసు అయ్యేసరికి దానంతటదే నిండిపోతుంది.