బాటిల్ ఎక్కడిది, ఎప్పటిది?

నది నీటిలో సీసం లీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు ఉందని రిపోర్టు వస్తే అందరి కళ్లూ ఆ అంకె మీదే ఉంటాయి. ఏ యంత్రంతో కొలిచారని కూడా అడుగుతారు. ఆ నీళ్లు బాటిల్‌లోకి ఎప్పుడు చేరాయి, ఎన్ని చేతులు మారాయి, దారిలో ఎంత వేడెక్కాయి అని అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే మొదటి ప్రశ్న అదే కావాలి. పొరపాటు దారిలో జరిగితే యంత్రం పట్టుకోలేదు. పాడైన శాంపిల్‌నూ అంతే కచ్చితంగా కొలిచి ఇస్తుంది.

మూత బిగించినంత మాత్రాన నీరు ఉన్నది ఉన్నట్టు ఉండిపోదు. సూక్ష్మజీవులు అందులోని నైట్రేటును, ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి. కరిగి ఉన్న లోహాలు మెల్లగా బాటిల్ గోడకు అంటుకుంటాయి. అందుకే లోహాల పరీక్షకు తీసిన నీటిలో నైట్రిక్ ఆమ్లం కలిపి పీహెచ్‌ను 2 కంటే కిందికి దించుతారు. అప్పుడు పరీక్ష చేయడానికి చాలా లోహాలకు 6 నెలల గడువు దొరుకుతుంది, పాదరసానికి మాత్రం 28 రోజులే. నైట్రేటుకైతే ఐస్‌లో పెట్టినా 48 గంటలు. పీహెచ్‌ను అక్కడికక్కడే చూసుకోవాలి. క్లోరిన్ కలిపిన నీటిలో బ్యాక్టీరియా కోసం వెతికేటప్పుడు సోడియం థయోసల్ఫేట్ ముందే వేసి ఉంచిన బాటిల్ వాడతారు. లేకపోతే క్లోరిన్ దారి పొడవునా బ్యాక్టీరియాను చంపుతూనే ఉంటుంది, కలుషితమైన నీరు కూడా ల్యాబ్‌లో శుభ్రంగా తేలుతుంది.

ఈ గడువుల లెక్క మొదలయ్యేది లేబుల్ మీద రాసిన సమయం నుంచే. 'ఉదయం' అని రాస్తే సరిపోదు, గంట, నిమిషం ఉండాలి. శాంపిల్ నంబరు, తీసిన చోటు, ఏ పరీక్షకు, ఏ ఆమ్లం కలిపారు, ఎవరు తీశారు అన్నవన్నీ ఉండాలి. లేబుల్‌ను మూత మీద అతికించకూడదు, బాటిల్ ఒంటి మీదే అతికించాలి. ల్యాబ్‌లో నాలుగు మూతలు తీసి పక్కన పెడితే ఏది దేనిదో ఎవరు చెప్పగలరు? ఐస్ కరిగి మామూలు కాగితం నానిపోతుంది కాబట్టి తడికి ఆగే లేబుల్, చెరగని ఇంకు వాడతారు. ఇక్కడా ఒక చిక్కుంది. కొన్ని మార్కర్ల ఇంకులో ఉండే ద్రావకాలు, ఆవిరయ్యే రసాయనాల కోసం తీసిన శాంపిల్‌లోకి చేరగలవు. అలాంటి చోట పెన్ను ఎంపిక కూడా పరీక్షలో భాగమే.

మరి బయటి నుంచి ఏమీ చేరలేదని తెలిసేదెలా? అందుకు బ్లాంక్‌లు ఉన్నాయి. ట్రిప్ బ్లాంక్ అంటే ల్యాబ్‌లోనే శుద్ధమైన నీటితో నింపిన బాటిల్. మూత తీయకుండానే అది మిగతా వాటితో వెళ్లి తిరిగొస్తుంది. ఫీల్డ్ బ్లాంక్‌కైతే అలాంటి శుద్ధమైన నీటిని నది ఒడ్డునే ఖాళీ బాటిల్‌లోకి పోస్తారు. అందులో సీసం కనిపిస్తే అది నదిలోది కాదు. ఈ జాగ్రత్త విలువ తెలియాలంటే అమెరికా భూరసాయన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్‌ను గుర్తు చేసుకోవాలి. సీసం కొలతల ఆధారంగా 1956లో భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని ప్రకటించిన ఆయనకు, గాలిలో, దుమ్ములో, రసాయనాల్లో ఉన్న సీసమే పెద్ద అడ్డంకి అయింది. పట్టుబట్టి అతి శుభ్రమైన ల్యాబ్ కట్టుకున్నారు. సముద్రపు నీటిలో సీసం గురించి అంతకుముందు వచ్చిన అంకెల్లో చాలావరకు ఓడ నుంచి, పరికరాల నుంచి, ల్యాబ్ నుంచి చేరిన సీసం వల్ల పెరిగినవేనని తర్వాత తేలింది.

బాటిళ్లతో పాటు చైన్ ఆఫ్ కస్టడీ ఫారం, అంటే అవి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాయో రాసే కాగితం కూడా ప్రయాణిస్తుంది. ఇచ్చినవాళ్లు, పుచ్చుకున్నవాళ్లు ఇద్దరూ సమయం వేసి సంతకం చేస్తారు. ఆ రెండు సమయాల మధ్య ఖాళీ ఉంటే, అంతసేపు బాటిళ్లున్న ఐస్ బాక్స్ ఎవరి కాపలాలో ఉందో చెప్పలేం. కాలుష్యం కేసు కోర్టుకెక్కితే ఎదుటి లాయరు వేలు పెట్టేది అక్కడే. తప్పు రాస్తే చెరిపేయరు, దిద్దరు. ఒకే గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం పెడతారు. కింద ఉన్న పాత అంకె చదవడానికి వీలుగా ఉండాలి.

ల్యాబ్‌లో బాక్స్ తెరవగానే ఉష్ణోగ్రత చూస్తారు. సాధారణంగా 6 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు, అలాగని నీరు గడ్డకట్టనూ కూడదు. సీలు, బాటిళ్ల లెక్క, ఫారంలోని నంబర్లు సరిపోల్చాకే బార్‌కోడ్ వేస్తారు. ఒక బాటిల్‌ను మూడు పరీక్షలకు పంచితే మూడింటికీ అసలు నంబరుతో లంకె ఉంటుంది. గడువు దాటాక పరీక్షించాల్సి వస్తే, ఆ సంగతి తెలిపే గుర్తు ఫలితం పక్కనే పెట్టి మరీ రిపోర్టు ఇస్తారు.