చచ్చిపోయిందనుకున్న యాక్సెస్ పాయింట్: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో వైఫై బిగించే పని నాది. అటు గుణుపురం, ఇటు పాతపట్నం దాకా లాడ్జీలు, స్కూళ్లు తిరుగుతాను. తరచూ ఎవరో ఒకరు యాక్సెస్ పాయింట్‌ను, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెను, సంచిలో వేసుకుని వస్తారు. "అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది బాబూ, ఇక పనికిరాదట" అంటారు. ఆ "అట" దగ్గరే నాకు బాధ. నేను చూసినవాటిలో నిజంగా పోయినవి బాగా తక్కువ.

అపోహ: ఫర్మ్‌వేర్ (పెట్టెను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కుతుండగా కరెంటు పోతే పెట్టె చచ్చినట్టే.

వాస్తవం: లోపలి ఫ్లాష్ మెమరీలో బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం విడిగా ఉంటుంది, కరెంటు ఇవ్వగానే ముందు నడిచేది అదే. మామూలుగా అప్‌డేట్ దాని జోలికి పోదు. అది బతికి ఉంటే పెట్టెను లేపవచ్చు.

మా దగ్గరికి సెకండ్‌హ్యాండ్‌లో ఎక్కువగా వచ్చే సిస్కో ఎయిరోనెట్ 2600, 2700 సంగతే తీసుకోండి. మోడ్ బటన్ నొక్కిపట్టి కరెంటు ఇవ్వాలి. లైటు ఎర్రగా మారేదాకా, అంటే సుమారు 20-30 సెకన్లు, వేలు తీయకూడదు. అప్పుడు అది 10.0.0.1 అడ్రస్ పెట్టుకుని టీఎఫ్‌టీపీలో, అంటే నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే ఒక తేలిక పద్ధతిలో, ఫర్మ్‌వేర్ ఫైలు అడుగుతుంది. ల్యాప్‌టాప్‌కు 10.0.0.2 నుంచి 10.0.0.30 లోపు అడ్రస్ ఇచ్చి, టీఎఫ్‌టీపీ సర్వర్ నడపాలి.

చాలామంది ఓడిపోయేది ఇక్కడే, మూడు చిన్న విషయాల వల్ల. ఒకటి, విండోస్ ఫైర్‌వాల్. టీఎఫ్‌టీపీ యూడీపీ 69 పోర్టులో అడుగుతుంది, ఫైర్‌వాల్ దాన్ని చడీచప్పుడు లేకుండా ఆపేస్తుంది. రెండు, ఫైలు పేరు. చివర "డాట్ డిఫాల్ట్" అనే ఉండాలి. విండోస్ ఎక్స్‌టెన్షన్ దాచేస్తే మనం పేరు మార్చామనుకుంటాం, వెనకాల "డాట్ టార్" అలాగే మిగిలిపోతుంది. దీంతో నాకు ఒకసారి సాయంత్రమంతా పోయింది. మూడు, కేబుల్. పెట్టె రీబూట్ అయినప్పుడల్లా ల్యాప్‌టాప్ పోర్టు పడి లేస్తుంది, సరిగ్గా అది అడిగే సమయానికి మనవైపు సిద్ధంగా ఉండదు. మధ్యలో చిన్న స్విచ్ పెట్టండి, ఆ గొడవ పోతుంది.

ఫైలు ఎక్కడం మొదలయ్యాక లైటు పచ్చగా వచ్చేదాకా ముట్టుకోవద్దు. వేసవిలో సాయంత్రం గాలివాన మొదలైతే మా ఊళ్లో కరెంటుకు నమ్మకం లేదు, అందుకే యూపీఎస్ లేకుండా నేను ఈ పని పెట్టుకోను.

అపోహ: కొన్న పెట్టె వెలుగుతోంది గానీ వైఫై రావడం లేదు, కాబట్టి మోసపోయాం.

వాస్తవం: ఒక లాడ్జీ ఆయన ఆరు కొని, ఆరూ పాడైనవే అని కుమిలిపోయారు. లేబుల్, కన్సోల్ (కేబుల్‌తో ల్యాప్‌టాప్ తెర మీద కనిపించే పెట్టె సందేశాలు) చూస్తే అన్నింట్లోనూ కే9డబ్ల్యూ8 ఇమేజ్, అంటే ఆ రకం ఫర్మ్‌వేర్ ఫైలు, ఉంది. అది కంట్రోలర్, అంటే చాలా పెట్టెలను ఒకేచోట నుంచి నడిపే యంత్రం, చెబితే తప్ప పనిచేయని రకం. ఒంటరిగా నడవాలంటే కే9డబ్ల్యూ7 ఇమేజ్ కావాలి. పైన చెప్పిన పద్ధతిలోనే మార్చాం, ఆరూ లేచాయి.

అపోహ: రీసెట్ కొడితే ఫర్మ్‌వేర్ మళ్లీ కొత్తగా ఎక్కుతుంది.

వాస్తవం: మామూలు రీసెట్ సెట్టింగులు చెరుపుతుంది, అంతే. పాడైన ఫర్మ్‌వేర్ పాడైనట్టే ఉంటుంది.

అపోహ: మోడల్ పేరు ఒకటే అయితే ఫైలు కూడా ఒకటే.

వాస్తవం: టీపీ-లింక్ పెట్టెల అడుగున స్టిక్కర్ మీద వీ1, వీ2 అని ఉంటుంది. పేరు ఒకటే అయినా లోపలి చిప్ వేరు కావచ్చు. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలు దయచేసి వేయకండి. కంపెనీ సైటు నుంచే దించుకోండి, అక్కడ చెక్‌సమ్ (ఫైలు చెడలేదని తేల్చే కోడ్) ఇచ్చి ఉంటే దానితో సరిపోల్చుకోండి.

ఇక లైటే వెలగకపోతే ముందు వేరే అడాప్టర్‌తో చూడండి. అయినా వెలగక, ఆ సిస్కో పెట్టెలకు 9600 స్పీడులో కన్సోల్ కేబుల్ పెట్టినా తెర మీద ఒక్క అక్షరం రాకపోతే బూట్‌లోడరో, బోర్డో పోయినట్టు. ఆ స్థితిలో నేను మరమ్మతు డబ్బులు తీసుకోను, వేరేది కొనుక్కోమని చెప్తాను.