తల్లి పురుగు రెక్క మీది గుర్తులు: అపోహలు - వాస్తవాలు

చిత్తూరు, తిరుపతి జిల్లాలలోని వేరుశనగ చేలలో, మామిడి, చీనీ తోటలలో పెట్టిన దీపపు ఎరలలో పడే రెక్కల పురుగులను (గొంగళి పురుగులు ఎదిగి రెక్కలు వచ్చిన తల్లి పురుగులను) వేరుచేసి, అవి ఏ జాతివో తేల్చడం నా పని. రైతులు నన్ను అడిగే ప్రశ్నలలో తరచుగా కనిపించే అపోహలు ఇవి.

అపోహ: రంగు చూస్తే జాతి తెలిసిపోతుంది.

వాస్తవం: రెక్క మీది రంగు, ఇంటి కప్పు మీది పెంకుల్లా వరుసగా పరచుకొని ఉండే సన్నని పొలుసులది. పట్టుకోగానే వేళ్లకు అంటే పొడి ఈ పొలుసులే కాబట్టి, రాత్రంతా ఎరలో కొట్టుకున్న పురుగు తెల్లవారేసరికి వెలిసిపోయి, వేరే జాతిలా కనిపిస్తుంది. అందువల్ల నేను మచ్చ రంగు కంటే ముందు అది రెక్కలో ఏ చోట, ఏ ఆకారంలో ఉందో చూస్తాను. అయితే వేరుశనగకు శత్రువైన ఎర్ర గొంగళి పురుగు తాలూకు తల్లి పురుగు విషయంలో రంగే ఆధారం: తెల్లని ముందు రెక్క పై అంచున పసుపు చార ఉంటే అది అమ్సాక్టా ఆల్బిస్ట్రైగా, ఎర్ర చార ఉంటే అమ్సాక్టా మూరీ.

అపోహ: ముందు రెక్కలు చూస్తే చాలు.

వాస్తవం: పండ్ల రసం పీల్చే రెక్కల పురుగు వాలినప్పుడు ఎండుటాకులా ఉంటుంది. దాని గుట్టంతా లోపల దాగిన నారింజ రంగు వెనుక రెక్కలలో ఉంది. వాటి నడుమ గుండ్రని నల్ల చుక్క ఉంటే యూడోసిమా మేటెర్నా, వంపు తిరిగిన నల్ల మచ్చ ఉంటే యూడోసిమా ఫలోనియా అని మొదట అనుకోవచ్చు. (వీటి గొంగళి పురుగులు పెరిగేది తోటలో కాదు, గట్ల మీది తిప్పతీగ, దూసరతీగల మీద. కాబట్టి చెట్ల మీద వాటి కోసం వెతకడం వృథా శ్రమ.)

అపోహ: ఆడ, మగ ఒకేలా ఉంటాయి.

వాస్తవం: మన దేశంలో 2018లో మొదట కర్ణాటకలో కనిపించిన మొక్కజొన్న కత్తెర పురుగులో, మగదాని ముందు రెక్క కొన వద్ద తెల్లని ముక్కోణపు మచ్చ స్పష్టంగా ఉంటుంది, ఆడది మసక బూడిద గోధుమ రంగులో, గుర్తులు అంతగా తెలియకుండా ఉంటుంది. ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించే లింగాకర్షక బుట్టలలో మగవే పడతాయి గనుక రైతుకు వాటి రూపమే అలవాటవుతుంది, చేనులో గుడ్లు పెట్టే ఆడది ఎదురుగా ఉన్నా పోల్చుకోలేడు.

అపోహ: ఒక్క ఫొటో ఉంటే ఏ పురుగునైనా గుర్తించవచ్చు.

వాస్తవం: కొన్ని దగ్గరి జాతులను జననాంగాలను సూక్ష్మదర్శినితో పరీక్షించి మాత్రమే వేరుచేయగలం. మిగిలినవాటికైనా, నాలుగు రెక్కలూ విప్పి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి, పైనుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి ఫొటోలు తీసి, ఏ పైరులో ఏ రోజు దొరికిందో రాసి పంపండి.