పులుసుకి ఏ గిన్నె?

ఇత్తడి గిన్నెలో పెరుగు మర్చిపోతే మర్నాటికి కిలుమెక్కుతుంది. నోట్లో పెట్టుకోలేం. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం ఇత్తడిలోని రాగిని కొద్దికొద్దిగా కరిగించడం వల్ల వచ్చే చేదు అది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లం చేసేదీ ఇదే. అలా కరిగిన రాగి ఎక్కువైతే వికారం, వాంతులు, కడుపునొప్పి తప్పవు.

అందుకే పెద్దవాళ్లు ఇత్తడి గిన్నెలకు లోపల కళాయి వేయించేవారు. కళాయి అంటే తగరం పూత. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. బొగ్గుల మీద గిన్నెను బాగా కాల్చి, నవాసారం పొడి చల్లి, కరిగిన తగరాన్ని గుడ్డతో రుద్దితే లోపలంతా వెండిలా మెరుస్తుంది. నవాసారం లోహం మీది ఆక్సైడ్ పొరను వదలగొడుతుంది. అది పోకపోతే తగరం అతుక్కోదు. ఇప్పుడు ఇత్తడి మళ్లీ వంటింట్లోకి వస్తోంది, సంతోషం. కానీ కళాయి అరిగిపోయిన గిన్నెలో చారు కాచకండి. పూతకు వాడే తగరంలో సీసం లేదని అడిగి తెలుసుకోండి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

స్టీలుకు ఈ బెంగ తక్కువ. అందులోని క్రోమియం గాలి తగలగానే కంటికి కనిపించని సన్నని పొరగా మారి, గీత పడినా తనంతట తానే పూడుకుంటుంది. నెలల తరబడి ఉప్పులో ఊరే ఆవకాయకు మాత్రం జాడీ, లేదంటే గాజు సీసా. అల్యూమినియంలో పులుసు వండినా, వెంటనే వేరే గిన్నెలోకి తీసేయడం మంచిది.

అసలు నా బాధ ప్లాస్టిక్ గురించి. ఆఫీసు మైక్రోవేవ్‌లో స్టీలు పెట్టొద్దంటారు కాబట్టి డబ్బాలన్నీ ప్లాస్టిక్‌వైపోయాయి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగి ఆగిపోతాయి. నూనెకు ఆ హద్దు లేదు. గుత్తొంకాయ కూర పైన తేలే నూనె నీటికన్నా ఎక్కువ వేడెక్కి, డబ్బా అంచును మెత్తబరుస్తుంది. ప్లాస్టిక్‌లో కలిపే రసాయనాల్లో చాలావాటికి నీటికంటే నూనెలోనే తేలిగ్గా కరిగే గుణం ఉంది. ఒకసారి కూర వేడిచేశాక డబ్బాకు పట్టిన పసుపు, ఎరుపు రంగు ఎంత తోమినా పోదు. కూర డబ్బాలోకి వెళ్లిందంటే, డబ్బాలోది కూరలోకి రాదని ఎలా అనుకుంటాం?

డబ్బా అడుగున త్రికోణంలో 5 ఉంటే అది పాలీప్రొపిలీన్, వేడికి కొంత తట్టుకుంటుంది. 1 ఉంటే పెట్, నీళ్ల సీసాల రకం. అది 70, 80 డిగ్రీలకే మెత్తబడుతుంది. దాంట్లో వేడి సాంబారు పోయకూడదు. నేనైతే 5 ఉన్న డబ్బాలో కూడా చల్లారిన కూరే పెడతాను. వేడి చేయడానికి పింగాణీ గిన్నెలోకి మార్చుకుంటాను, ఒక గిన్నె ఎక్కువ తోముకోవాల్సి వచ్చినా సరే.

నూనెతో వచ్చే చిక్కే న్యూస్‌పేపర్‌లో కట్టిన మిరపకాయ బజ్జీలకూ ఉంది. సిరా నూనెలో దిగుతుంది. ఆహారాన్ని న్యూస్‌పేపర్లో చుట్టడాన్ని ఆహార భద్రతా సంస్థ 2018 నిబంధనల్లోనే నిషేధించింది. కర్రీ పాయింట్‌కు వెళ్లేటప్పుడు ఇంట్లోంచి స్టీలు క్యారియర్ పట్టుకెళ్లండి. పొగలు కక్కే పప్పుచారును పల్చటి కవర్లో పోసి ముడి వేయనివ్వకండి.